వెంబ్లీలో వదిలిన చెయ్యి

ఇంగ్లండులో లాంకషైర్ సీమ, బోల్టన్ ఊళ్ళో హాలివెల్ పేట వైపు ఎవరినడిగినా, సెలీనా ఫేర్‌హర్స్ట్ ఫుట్‌బాల్ ఆట మూలంగా మొగుణ్ణి వదిలేసిందనే చెప్పేవారు. చెప్పి నవ్వేవారు కూడా. మిగతా ఊళ్ళ ఆడవాళ్ళు తాగుడు పడలేకో తన్నులు పడలేకో మొగుళ్ళను వదిలేస్తే, మన ఊరి ఆడది కప్పు గెలిచినందుకు వదిలేసిందని ట్రాముల్లో ఒక మోటు హాస్యం ఏళ్ళ తరబడి నడిచింది. సెలీనా విని ఊరుకునేది. అందులో సగం నిజమే. మిగతా సగం చెప్పాలంటే ఆమెకు నోట్లో చేదునీళ్ళు ఊరేవి. అందుకే ఎవరికీ చెప్పలేదు.

చిన్నతనం నుంచీ ఆమెది మిల్లు బతుకు. రింగు ఫ్రేముల మధ్య నిలబడి నూలు వడికే పని. ఆ యంత్రాలు తిరుగుతుంటే చెవి పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుచేత మిల్లు ఆడవాళ్ళు మాటకు గొంతు వాడరు. పెదవులు బాగా విప్పి కదుపుతారు, ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టేస్తారు. సెలీనా హాలుకు ఈ చివర నిలబడి, ఆ చివర ఎవరి ఇంట్లో ఏ గొడవ జరిగిందో పొల్లుపోకుండా తెలుసుకునేది. మొగవాళ్ళు ఆ సంగతి ఎప్పుడూ పట్టించుకోరు. తమ గొంతు వినపడనంత దూరంలో ఉంటే చాలు, తమ మాట తమ దగ్గరే ఉందనుకుంటారు.

తల్లి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక ఆమెను పెంచింది తండ్రి జేబెజ్ ఎంట్విజిల్. గనిలో పైకప్పు రాయి పడి ఆయన ఎడమ కాలు విరిగింది. అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఆ కాలితో గనికి పనికిరాడు, దేనికీ పెద్దగా పనికిరాడు. మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఆయనకు దేవుడు, దయ్యం అన్నీ ఊరి ఫుట్‌బాల్ జట్టు బోల్టన్ వాండరర్సే. ఆ జట్టు రెండుసార్లు కప్పు ఫైనల్ దాకా వెళ్ళి రెండుసార్లూ ఓడింది. రెండోసారి ఆయన వెళ్ళి మరీ చూశాడు. పక్కనున్న మాంచెస్టర్ వాళ్ళ చేతిలో ఓడిపోయి వచ్చి, కూతురితో కూడా మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

క్లెమ్ ఫేర్‌హర్స్ట్ ట్రాము కండక్టరు. యూనిఫారం ఇస్త్రీ చెదరదు, మీసం దువ్వెన తప్పదు, మాటలకు కరువు లేదు. ముసలమ్మల్ని చెయ్యిపట్టి ట్రాము ఎక్కించేవాడు. ఆ చెయ్యి పట్టడం చూసే సెలీనా అతన్ని చేసుకుంది. మామగారిని "ముసలోడా" అని పిలిచేవాడు. లాంకషైర్‌లో అది చనువు మాట, తిట్టు కాదు. జేబెజ్ ఆ పిలుపుకు మురిసిపోయేవాడు.

1923 వసంతంలో వాండరర్స్ మూడోసారి ఫైనల్ చేరారు. ఎదురుజట్టు లండన్ తూర్పున రేవుల పక్క పేటల నుంచి వచ్చిన వెస్ట్ హామ్. ఆట లండన్ పక్కన కొత్తగా కట్టిన వెంబ్లీ స్టేడియంలో. అందులో లోకమంతా పడుతుందని పేపర్లు రాశాయి, లోకమంతా ఆ మాట నమ్మింది.

జేబెజ్ వెళ్తానన్నాడు. ఆ కాలితోనా అని సెలీనా అడిగింది. క్లెమ్ నవ్వి, ఇద్దరి మధ్యా వచ్చి కూర్చున్నాడు.

"నేనున్నాగా. ఈ ముసలోణ్ణి భుజాల మీద ఎక్కించుకునైనా చూపిస్తా. రేపు చచ్చి పైకెళ్తే మీ జట్టు కప్పు గెలవడం చూశావా అని అక్కడ అడుగుతారు. ఏం చెప్తాడు పాపం."

అప్పటికీ మనసొప్పక సెలీనా తానూ బయల్దేరింది.

ప్రత్యేక రైలు దిగి వెంబ్లీ చేరేటప్పటికే తోవంతా తలలు. తిరుగుడు గేట్లలోంచి ముగ్గురూ లోపలికి వెళ్ళి, కింది వరస మెట్ల మీద, ఇనప కమ్మీకి కొంచెం వెనగ్గా నిలబడ్డారు. కాసేపు బాగానే ఉంది. జేబెజ్ మైదానంలో గడ్డిని చూసి బిలియర్డ్స్ బల్లలా ఉందని పదేపదే అన్నాడు. సెలీనా ఇంటినుంచి తెచ్చిన బంగాళాదుంప కూరిన 'పై' రొట్టె ముక్కలు పంచింది.

ఆ తరవాత వెనక నుంచి బరువు మొదలైంది. జనం ఎక్కువైపోయి గేట్లు మూసేశారట. మూస్తే ఊరుకుంటారా, గోడలెక్కి దూకుతున్నారు. దూకినవాళ్ళు ముందువాళ్ళ మీద పడుతున్నారు, ఆ ముందువాళ్ళు వాళ్ళ ముందువాళ్ళ మీద. ఊపిరి పీల్చుకోవడానికి రొమ్ము విచ్చుకుంటే, వదిలాక మళ్ళీ పీల్చుకోవడానికి చోటు మిగలడం లేదు. కదలడానికి లేక మొగవాళ్ళు నిలబడ్డచోటే ఉచ్చ పోశారు. అది మెట్ల మీదుగా కిందికి పారి, నారింజ తొక్కల్నీ పేపరు ముక్కల్నీ తడిపి, సెలీనా బూట్లలోకి వచ్చింది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఆమెకు చచ్చేదాకా గుర్తుంది. వెనక ఎవడో కక్కుకున్నాడు. ఆ కక్కు మెడ మీద పడ్డవాడు తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తలేక పిల్లాడిలా ఏడ్చాడు. పక్కవాళ్ళు నవ్వారు.

జేబెజ్ కుడి చెయ్యి క్లెమ్ పట్టుకున్నాడు, ఎడమ చెయ్యి సెలీనా పట్టుకుంది. ఒక పెద్ద ఊపు వచ్చింది. ఆమె చేతిలోంచి తండ్రి చెయ్యి గ్లౌజు ఊడినట్టు ఊడిపోయింది. ఆమెను పక్కకు, పైకి ఎత్తుకుపోయి నాలుగు వరసల అవతల నిలబెట్టింది ఆ జనం. అక్కణ్ణించి తలల మీదుగా ఇద్దరూ కనిపిస్తున్నారు. క్లెమ్ కమ్మీకి ఆనుకుని ఉన్నాడు. జేబెజ్ అతని కోటు రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నాడు. వంకర కాలు కింద ఎక్కడో ఇరుక్కుపోయినట్టుంది, మనిషి ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు.

క్లెమ్ ఒక కాలు కమ్మీ మీద వేశాడు. పైకి లేవలేకపోయాడు, కోటు పట్టుకుని మామగారున్నాడు. వెనక్కి తిరిగి మాట్లాడాడు. లక్షమంది హోరులో ఆ మాట జేబెజ్‌కైనా వినబడిందో లేదో. సెలీనా మాత్రం ఫ్రేముల అవతలి పెదవుల్ని చూసినంత స్పష్టంగా చూసింది.

"వదులు, ముసలోడా. వదలమంటుంటే."

జేబెజ్ వదల్లేదు. క్లెమ్ ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు. కంగారుగా కాదు, టిక్కెట్ల కట్టలోంచి టిక్కెట్టు చింపేటంత ఒద్దికగా. కమ్మీ దాటి దూకి, వెనక్కి చూడకుండా పచ్చగడ్డి మీద పరిగెత్తాడు. జేబెజ్ తల ఒకసారి పైకి వచ్చి కనబడకుండా పోయింది.

సెలీనా ఎలా వెళ్ళిందో ఆమెకే సరిగా తెలియదు. మోచేతులతో పొడిచింది, జుట్టు పట్టి లాగింది. అడ్డం వచ్చిన ఒక చేతిని కొరికింది. ఆ చెయ్యి ఎవరిదో తెలియదు గాని దాని రుచి తెలుసు, పొగాకూ ఉప్పూ మట్టీ. తండ్రి ఉన్నచోటికి చేరేసరికి అక్కడ తండ్రి లేడు, బూట్లున్నాయి. బూట్ల కింద ఆయన కోటుంది.

ఆమె అరిచింది. ముదురెరుపు, లేతనీలం రిబ్బన్ల పువ్వు గుండీకి పెట్టుకున్న ఒక భారీ మనిషి తల తిప్పి చూశాడు. వెస్ట్ హామ్ వాడు. ఇటూ అటూ ఉన్నవాళ్ళను వీపుతో తోసి చోటు చేసి, వంగి, జేబెజ్‌ను బస్తాలా పైకి లాగాడు.

"నా మెడ పట్టుకో పెద్దాయనా. రేవులో మీ లాంకషైర్ నూలు బేళ్ళు మొయ్యడమే నా పని. నువ్వో లెక్కా."

అతని పేరు సిడ్ టార్లింగ్, కానింగ్ టౌన్‌లో ఓడల సరుకు దించే కూలీ. ముసలాయన్ను కమ్మీ మీదుగా దాటించి, గోలు వెనకున్న గడ్డి మీద తన కోటు పరిచి పడుకోబెట్టాడు. మైదానమంతా అప్పటికే జనం, ఆటకు జానెడు నేల లేదు. ప్రథమ చికిత్స చేసే మనిషి ఒకడు వచ్చి, పక్కటెముకలు విరిగాయని చెప్పి గుడ్డ బిగించి కట్టి, ఇంకొకరి దగ్గరకు పరిగెత్తాడు. జేబెజ్ పెదవి మీద రక్తం నురగలా ఉంది. సెలీనా కొంగులేని తన గౌను అంచుతోనే తుడిచింది.

అప్పుడు రాజుగారు వచ్చారు. బ్యాండు మొదలైంది. ఒక్కసారిగా అంతమందీ టోపీలు తీసేసి నిటారుగా నిలబడి రాజుగారి పాట పాడారు. ఇంతసేపూ మనుషుల్ని తొక్కుకుంటూ వచ్చినవాళ్ళే. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పాడారు. సెలీనా పక్కన నిలబడ్డవాడి బూటు అంచుకు జుట్టు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాడి గొంతు చాలా బాగుంది. ఆమె ఒక పక్కకు వంగి, ఇందాక తిన్న రొట్టె ముక్కంతా గడ్డి మీద కక్కేసింది. రాజుగారి పాటకు కక్కుతావా అని ఎవడో కసిరాడు.

తరవాత గుర్రాల పోలీసులు జనాన్ని వెనక్కి నెట్టారు. అందులో ఒక తెల్లగుర్రం ఉంది. ఆ రోజు సంగతులన్నిట్లోకీ లోకానికి గుర్తుండిపోయింది ఆ గుర్రమే. మైదానం గీత పొడుగునా జనం చేతులు కలుపుకుని గోడగా నిలబడ్డారు. ఆ గోడలో క్లెమ్ ఉన్నాడు. పక్కవాడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఏం మాట్లాడుతున్నాడో అక్కణ్ణించి కూడా తెలుసుకోవచ్చు. ఆమె మొహం తిప్పుకుంది.

ఆట ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది, మొదలవుతూనే ఊళ్ళు ఎగిరిపోయేంత కేక లేచింది. జేబెజ్ కళ్ళు తెరిచాడు.

"గోలు ఎవరు కొట్టారు?" అన్నాడు.

"మీవాళ్ళే," అన్నాడు సిడ్. "నిన్ను మోసుకొచ్చినందుకు దేవుడు నాకిచ్చిన కూలి చూడు."

జేబెజ్ నవ్వబోతే రక్తం వచ్చింది. లేపి కూచోబెట్టమన్నాడు. సెలీనా వద్దంది. బతిమాలాడు. ఆ రక్తపు నోటితో, ఆ మెరిసే కళ్ళతో తండ్రి గోలు వైపు మెడ సాచడం చూస్తే ఆమెకు ఆయన మీదా రోత పుట్టింది. ఆ రోతకు తన మీద తనకు ఏవగింపు పుట్టింది. చివరికి సిడ్ తన మోకాళ్ళకు ఆనించి కూచోబెట్టాడు. రెండో గోలు జేబెజ్ కళ్ళారా చూశాడు. వెస్ట్ హామ్ వాళ్ళు అది చెల్లదన్నారు. గీత దగ్గరున్న జనంలో ఎవడో బంతిని తన్ని లోపలికి పంపాడని గొడవపడ్డారు. రిఫరీ వినలేదు. బోల్టన్ గెలిచింది.

క్లెమ్ వాళ్ళను స్టేషన్లో కలిశాడు. టోపీ లేదు, మోకాళ్ళకు పచ్చగడ్డి మరకలు, ఒంటి నిండా ఎవరెవరివో బీరు వాసనలు. అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట, చూశారా అని. రెండోది, కప్పు మనదే అని. మూడో మాటకు గాని మామగారి రొమ్ముకు కట్టిన కట్టు కనపడలేదు. జనం లాగేసిందన్నాడు. ఎంత పట్టుకున్నా చెయ్యి జారిపోయిందన్నాడు. వెతికి వెతికి చచ్చానన్నాడు. జేబెజ్ కళ్ళు మూసుకున్నాడు. సెలీనా సిడ్‌తో చెయ్యి కలిపి, ముసలాయన్ను రైలెక్కించింది.

రైలు సగం దారి రాకముందే, పెట్టెలో ఉన్నవాళ్ళకు క్లెమ్ చెప్పడం మొదలుపెట్టాడు, తను మామగారిని ఎంతసేపు ఎత్తి పట్టుకున్నాడో.

ఊరికి వచ్చాక ఆ కథ పెరిగింది. కప్పును ఊరేగించినరోజు పెరిగింది, ట్రాములో టిక్కెట్టు టిక్కెట్టుకూ పెరిగింది. వీధి చివర పబ్బులో అయితే అతని గ్లాసు ఖాళీ కానిచ్చేవారు కాదు. ముసలోణ్ణి చేతుల మీద ఎత్తుకుని గడ్డి దాకా మోశాడు. తెల్లగుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. ఆ రెండో గోలుకు బంతిని లోపలికి పంపిన కాలు ఎవరిదో చెప్పమంటే చెప్పేవాడు కాదు, బూటు పైకెత్తి చూపించి కన్ను గీటేవాడు. పబ్బు పగిలిపోయేలా నవ్వేవారు.

సెలీనాకు తిండి సయించడం మానేసింది. అతనితో ఒక బల్ల దగ్గర కూచుంటే వెనిగర్ పోసిన బోటీ ప్లేటులోంచి వెంబ్లీ మెట్ల కంపు లేచేది. అతను వేళ్ళతో రొట్టె తుంచుతుంటే ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయేది. అతని చొక్కాలు ఉతకడానికి తొట్టిలో వేసి, ముట్టుకోలేక, కర్రతో తిప్పేది. పక్కమీద అతని చెయ్యి భుజాన పడితే, చీకట్లో బల్లి పడ్డట్టు ఒళ్ళు జలదరించేది.

ఒక ఆదివారం పబ్బు వాకిలి ముందు నుంచి వస్తూ ఆమె ఆగింది. లోపల కుర్చీలో జేబెజ్ ఉన్నాడు, కట్టు ఇంకా విప్పలేదు. పక్కనే క్లెమ్ కథ చెబుతున్నాడు. ఎవరో అడిగారు, నిజమేనా జేబెజ్, నిన్ను ఎత్తి పట్టుకున్నాడా అని. జేబెజ్ తలూపాడు.

"పట్టుకున్నాడు. నా కొడుకున్నా అంత చేసేవాడు కాదు."

గ్లాసులు లేచాయి. సెలీనా లోపలికి పోకుండానే వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం తండ్రి ఇంటికి వెళ్ళి అడిగింది, ఎందుకలా చెప్పావని. ఆయన నిప్పు వైపు చూస్తూ పైపు దట్టించాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"చూశాను."

"నీ కాపురం కదా, బిడ్డా." పైపు వెలిగించాడు. "అదొక్కటే కాదు. వాడు నన్ను వదిలేశాడని చెప్తే, నేను వదిలేయదగ్గ మనిషినని ఊరంతటికీ తెలుస్తుంది. ఈ కథలో అయితే నన్ను ఎవరో మోశారు. నా వయసుకు అదే బాగుంది."

సెలీనా ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఒక మనిషిని తొక్కడమే కాక, తొక్కినవాడిని పొగిడే స్థితికి తేవడం ఉంది చూశారూ, వెంబ్లీలో కాళ్ళ కింద పారిన దానికన్నా ఆమెకు అదే ఎక్కువ అసహ్యమనిపించింది.

మర్నాడు భోజనాల వేళ క్లెమ్ ఎదురుగా కూచుని, గొంతు రాకుండా పెదవులు మాత్రం కదిపింది. క్లెమ్ తల్లి కూడా మిల్లు మనిషే, పిల్లప్పుడు ఆ భాష అతనికీ అలవాటే. మొదట నవ్వుతూ చూశాడు. ఆమె మళ్ళీ కదిపింది. వదులు, ముసలోడా. వదలమంటుంటే. అతని మొహం తడిసిన సున్నంలా తెల్లబడింది.

"అక్కడ నువ్వుంటే తెలిసేది," అన్నాడు. "ఊపిరి ఆడలేదు. నువ్వయినా అదే చేసేదానివి."

సెలీనా ఆ మాటను తోసెయ్యలేదు. నిజంగానే ఆలోచించింది. ఆ కమ్మీ దగ్గర తానుంటే ఏమయ్యేదో ఆమెకేం తెలుసు. ఎవరిదో చెయ్యి కొరికిన నోరే కదా తనదీ.

"చేసేదాన్నేమో," అంది. "చేసి, దాని మీద బీరు తాగేదాన్ని కాదు. ఆయన చేతే అవుననిపించేదాన్ని కాదు."

ప్లేట్లు కడిగి బోర్లించి, తన బట్టలు మూటగట్టుకుని తండ్రి ఇంటికి వెళ్ళిపోయింది.

చాపెల్ పాస్టరు వచ్చి, భార్యాభర్తల మధ్య ఆటలూ పాటలూ రాకూడదని నెమ్మదిగా చెప్పాడు. టీ ఇచ్చి పంపేసింది. క్లెమ్ రెండుసార్లు వచ్చి గుమ్మంలో ఏడ్చాడు, మూడోసారి తాగి వచ్చి తిట్టాడు, ఆ తరవాత రాలేదు. కథ చెప్పడం మాత్రం మానలేదు. భార్య వదిలేసినా కప్పు వదల్లేదు అని కథ చివర ఒక ముక్క కూడా తగిలించాడు.

ఆ మరుసటి సీజన్లో వెస్ట్ హామ్ బోల్టన్‌కు ఆడడానికి వచ్చినప్పుడు సిడ్ టార్లింగ్ జాడ కనుక్కుని ఇంటికి వచ్చాడు. తమ రేవు పేటల వంటకం, జెల్లీ పట్టిన పాముచేపలు, డబ్బాలో తెచ్చాడు. జేబెజ్ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇవి తినేవాళ్ళకు కప్పు ఇవ్వకపోవడం న్యాయమేనన్నాడు. ఇద్దరూ తిట్టుకుంటూ మధ్యాహ్నమంతా కూచున్నారు. పాముచేపలు సెలీనాకూ నోటపెట్టబుద్ధి కాలేదు గాని, అతను వెళ్ళేటప్పుడు తలుపు దాకా వెళ్ళి సాగనంపింది.

జేబెజ్ 1926లో వాండరర్స్ ఇంకోసారి కప్పు గెలవడం విని, ఆ ఆకురాలు కాలంలో పోయాడు. విరిగిన పక్కటెముకల కింద ఊపిరితిత్తి ఎన్నడూ బాగుపడలేదు. శవపేటిక లేపుతుంటే క్లెమ్ నల్లకోటు వేసుకుని వచ్చి, అల్లుణ్ణి కదా అని ఒక మూల పట్టుకోబోయాడు. సెలీనా అడ్డంగా నిలబడింది. చెయ్యి తియ్యమంది. వీధి మొత్తం చూస్తుండగా అతను చెయ్యి తీశాడు. ఎవరూ ఏమీ అడగలేదు గాని, ఆ రోజు నుంచి ట్రాముల్లో ఆ హాస్యం కొంత తగ్గింది.

సెలీనా మిల్లులోనే ఉండిపోయింది. యూనియన్ కమిటీలో కూచునేది, యజమానుల ముందు మొహమాటపడే మనిషి కాదని అనేవారు. మళ్ళీ ఏ ఆటకూ వెళ్ళలేదు. జనం ఎక్కువగా ఉంటే ట్రాము ఎక్కకుండా నడిచి వెళ్ళేది.

1946 మార్చిలో, యుద్ధం అయిపోయిన మరుసటి వసంతంలో, బోల్టన్ సొంత మైదానంలోనే కప్పు ఆట రోజున జనం మీద జనం పడి ముప్పైముగ్గురు చనిపోయారు. శవాల మీద కోట్లు కప్పి గీత పక్కన పెట్టారు. ఆట మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశారు. పక్కింటి మిసెస్ గ్రీన్‌హాల్జ్ తమ్ముడు ఆ కోట్ల కింద ఉన్నవాళ్ళలో ఒకడు. ఆమెను ఒంటరిగా వదలకుండా సెలీనా ఆవిడ వంటింట్లోనే ఉండిపోయింది.

సోమవారం పొద్దున టీ ఆకు కోసం తన ఇంటికి వస్తే గుమ్మంలో క్లెమ్ నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళకు అంత దగ్గరగా చూడడం. మీసం నెరిసింది, యూనిఫారం లేదు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ఇక ఆ కథ చెప్పను, సెలీనా. పబ్బులో అడిగారు, చెప్పలేకపోయాను."

"ఎవరు అడిగారు నిన్ను చెప్పొద్దని?"

"ఎవరూ అడగలేదు. నాకే కడుపులో తిప్పింది."

ఆమె అతని చేతుల వంక చూసింది. నాన్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పిన చేతులు అవే. జాలి పడదామా అని కూడా అనుకుంది, పడలేకపోయింది. ముప్పైమూడు శవాలు కావలసి వచ్చాయి ఈ మనిషి కడుపులో తిప్పడానికి.

"మంచిది," అంది. "పక్కన ఆవిడ టీ కోసం చూస్తోంది, తప్పుకో."

అతను తప్పుకున్నాడు. ఆమె డబ్బాలోంచి టీ ఆకు పోసుకుని, తలుపు వేసి, పక్కింటి వంటింట్లోకి వెళ్ళింది.